మాట పెగలని గొంతుతో

మొదటి సగం అయిపోయింది. డ్రమ్స్, గిటార్లు, కేకలు అన్నీ ఒక్కసారిగా ఆగాయి. హాల్లో లైట్లు వెలిగాయి.

1986 డిసెంబరు 14. ఆదివారం రాత్రి. సిడ్నీ ఎంటర్‌టైన్‌మెంట్ సెంటర్. పన్నెండు వేల మంది దాకా పట్టే హాలు. డిసెంబరంటే అక్కడ వేసవి. జనం చెమటలు తుడుచుకుంటూ, చల్లగా ఏదైనా తాగుదామని నడవాల్లోకి తోసుకుంటూ, ఇంతసేపూ విన్న పాటల గురించి ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకుంటూ తిరుగుతున్నారు. వేదిక మీద కుర్చీలు వరసలు కడుతున్నాయి. వయొలిన్లకు ఒకవైపు, బాకాలకు ఒకవైపు. వాటి ముందు ఒక పియానో. పియానో పక్కన ఒక మైకు.

ఇంకాసేపట్లో ఆ మైకు ముందు కూర్చోబోయే మనిషి గొంతులో ఉన్నది ఏమిటో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అతని డాక్టరుకు కూడా.

తెరవెనక అతను వేషం మారుస్తున్నాడు. జరీ పనితనం దట్టంగా ఉన్న బరువైన కోటు. మెడ దగ్గర కుచ్చులు. తలమీద తెల్లటి విగ్గు. చెంపమీద దిద్దిన పుట్టుమచ్చ. రెండు వందల ఏళ్ల కిందటి సంగీతకారుడు మోజార్ట్ వేషం అది. వేసుకున్నవాడు ఎల్టన్ జాన్. వయసు 39. అప్పటికే ప్రపంచమంతా తెలిసిన పేరు. అసలు పేరు రెజినాల్డ్ డ్వైట్. లండన్ శివార్లలోని పిన్నర్‌లో పుట్టాడు. పదకొండేళ్ల వయసులో రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో స్కాలర్‌షిప్ సంపాదించిన కుర్రాడు. వేదిక మీద ఈకలు, మెరుపులు, అడ్డగోలు కళ్లద్దాలు లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ. కానీ ఈ రాత్రి ఆ వేషం కింద ఉన్నది మామూలు భయం కాదు.

బయట ఏబీసీ టీవీ కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఆస్ట్రేలియా అంతటా ప్రత్యక్ష ప్రసారం. ఒక్క వాద్యం శ్రుతి తప్పినా దేశం వింటుంది. ఒక్క పాట మధ్యలో గొంతు ఆగిపోయినా దేశం చూస్తుంది. దిద్దుకోవడానికి రేపటి రాత్రి లేదు. ఇదే ఆఖరిది.

లైట్లు ఆరిపోయాయి.

*

నవంబరు మొదటి వారంలో బ్రిస్బేన్‌లో ఈ యాత్ర మొదలైనప్పుడు ఎవరూ గొంతు గురించి మాట్లాడలేదు. అందరూ లెక్కపెట్టింది మనుషుల్ని. మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా నుంచి 88 మంది. పియానోకు మీటలెన్నో అంతమంది. వాళ్లకు తోడు ఎల్టన్ సొంత బృందం. గిటార్ మీద డేవీ జాన్‌స్టన్. తాళవాద్యాల మీద రే కూపర్. వీళ్లందరినీ, వాద్యాలనూ ఊరూరా తిప్పాలి. బ్రిస్బేన్, మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్, సిడ్నీ. ఖండానికి ఆ చివర ఒక ఊరు, ఈ చివర ఒక ఊరు. పాతికకు పైగా కచేరీలు. రాక్ గాయకుడు ఒక సింఫనీ ఆర్కెస్ట్రాను మొత్తంగా వెంటేసుకుని ఇలా ఊళ్లు తిరగడం అప్పటికి అరుదైన సాహసం.

ఎందుకంత పంతం?

1970లో వచ్చిన అతని తొలినాటి పాటల్లో పాల్ బక్‌మాస్టర్ అనే సంగీతకారుడు వయొలిన్లు, చెల్లోలు, హార్పులు పరిచాడు. రికార్డులో అవి గాలిదుమారంలా వినిపిస్తాయి. ఆ పాటలు పట్టుకుని ఎల్టన్ లోకమంతా తిరిగాడు. కానీ మొదట్లో వేదిక మీద ఉండేది పియానో, బేస్ గిటార్, డ్రమ్స్ అంతే. లండన్‌లో 1972లో ఒకసారి ఆర్కెస్ట్రాతో పాడాడు గానీ యాత్ర మొత్తం అలా సాగింది లేదు. పదహారేళ్లుగా అతని చెవుల్లో ఉన్న సంగీతం, ఎదురుగా కూర్చున్న జనం చెవిన పూర్తిగా పడలేదు. ఇప్పుడు జేమ్స్ న్యూటన్ హోవర్డ్ వచ్చాడు. డెబ్బైల్లో ఎల్టన్ బృందంలో కీబోర్డు వాయించినవాడు. తర్వాతి కాలంలో హాలీవుడ్ సినిమాలకు పెద్ద సంగీత దర్శకుడైనవాడు. పాత పాటలకు ఆర్కెస్ట్రా సంగీతం మళ్లీ సిద్ధం చేసి, బెత్తం చేతబట్టి 88 మందినీ నడిపిస్తున్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడాది చివర్లోనే ఎల్టన్ కొత్త ఆల్బమ్ 'లెదర్ జాకెట్స్' వచ్చింది. బోర్లాపడింది. తన రికార్డులన్నింటిలోకీ అధ్వానమైనది అదేనని తర్వాత తనే చెప్పుకున్నాడు. అవి అతను కొకైన్‌కు బానిసైన రోజులు. ఆ సంగతీ తనే ఒప్పుకున్నాడు. ఇల్లు నిలకడగా లేదు, ఒళ్లు అదుపులో లేదు, పాటలు నడవడం లేదు. మిగిలినది ఈ యాత్ర ఒక్కటే.

సరిగ్గా అప్పుడే గొంతు మొరాయించింది.

మొదట జీర. పాడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. రెండు రోజులు ఊరుకుంటే పోతుంది. ఇది పోలేదు. రోజులు గడిచేకొద్దీ ముదిరింది. మామూలుగా మాట్లాడదామంటే మాట పెగలదు. అదే మనిషి రాత్రి వేదికెక్కి, పియానో ముందు కూర్చుని నోరు తెరిస్తే పాట వచ్చేది. ఎలా వచ్చేదో వింటున్నవాళ్లకు అర్థం కాలేదు. పాత నునుపు లేదు. గరుకుగా, చీరుకుపోతున్నట్టుగా, అయినా శ్రుతిలోనే వచ్చేది. ఊరు తర్వాత ఊరు. రాత్రి తర్వాత రాత్రి. సిడ్నీకి చేరేసరికి ఇక డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు.

*

గొంతు డాక్టరు గదిలో ఆ రోజుల్లో జరిగేది ఎక్కడైనా ఒకటే. నిటారు కుర్చీ. కళ్లలోకి కొట్టే దీపం. నాలుకను గుడ్డముక్కతో పట్టుకుని బయటికి లాగుతారు. పొడుగు కాడ ఉన్న చిన్న అద్దాన్ని ఆవిరి పట్టకుండా వెచ్చచేసి, కొండనాలుక దాకా పంపిస్తారు. 'ఈ...' అనమంటారు. డోకు వస్తుంది. కళ్లు నీళ్లు కారతాయి. ఆ ఒక్క క్షణంలో, అద్దం మూలన, లోకం మొత్తం డబ్బిచ్చి వినే గొంతు కనిపిస్తుంది. ముత్యం రంగులో రెండు సన్నటి అంచులు. మగవాడిలో అంగుళం పొడవు కూడా ఉండవు.

ఎల్టన్ గొంతులో ఆ అంచులు నునుపుగా లేవు. వాటిమీద బుడిపెలు ఉన్నాయి.

స్వరతంత్రులు పనిచేసే తీరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఊపిరితిత్తుల నుంచి గాలి పైకొస్తుంది. ఆ రెండు అంచులూ దగ్గరికొచ్చి, గాలి తోపుకు విడిపోయి, మళ్లీ కొట్టుకుంటాయి. అదే ధ్వని. మగవాడు మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు వంద, నూటపాతిక సార్లు. వాద్యాలన్నీ శ్రుతి చూసుకునే 'ఏ' స్వరాన్ని అందుకోవాలంటే సెకనుకు 440 సార్లు. ఒక్క పాటలో ఎన్ని దెబ్బలో లెక్కవేసుకోవచ్చు. అలసిన గొంతును, వాచిన గొంతును విశ్రాంతి ఇవ్వకుండా కొడుతూ పోతే, దెబ్బ బాగా తగిలేచోట కండ రేగి గట్టిపడుతుంది. తలుపు అంచున గింజ ఇరుక్కుంటే తలుపు పూర్తిగా మూసుకోనట్టు, రెండు అంచుల మధ్యా సందు మిగిలిపోతుంది. ఆ సందులోంచి గాలి కారుతుంది. అదే జీర. ముందు పోయేవి పై స్వరాలు. అందులోనూ మెల్లగా, సన్నగా పాడే పై స్వరాలు.

అలాంటి బుడిపెలు చాలావరకు ప్రమాదం లేనివే. చాలావరకు.

డాక్టరు చెప్పవలసింది చెప్పాడు. పాడటం ఆపాలి. ఆ బుడిపెలు తీయాలి. తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తప్ప అవి ఏమిటో చెప్పలేం. క్యాన్సర్ కావచ్చు. కాకపోవచ్చు.

అద్దాలు, దీపాలు సర్దేసిన ఆ గదిలో రెండు దారులు మిగిలాయి. ఇప్పుడే అన్నీ రద్దుచేసుకుని ఆసుపత్రికి పోవడం ఒకటి. ఒప్పుకున్న కచేరీలు ముగించి, కొత్త ఏడాది మొదట్లో కత్తి కింద తలపెట్టడం రెండోది. మొదటిది వైద్యం. రెండోది జూదం. పందెంలో పెట్టింది పాట ఒక్కటే కాదు, ప్రాణం కూడా కావచ్చు.

ఎల్టన్ రెండోదే ఎంచుకున్నాడు.

డాక్టరు చెప్పింది సరైన మాట. అందులో అనుమానం లేదు. చిరిగిన గొంతుతో పాడటం గొప్పతనమని ఏ గాయకుడూ అనుకోకూడదు. మాట పోగొట్టుకున్నవాళ్ల పేర్లు చరిత్రలో బోలెడు. కానీ పదహారేళ్లు ఎదురుచూసిన సంగీతం చుట్టూ మోగుతుంటే, దాన్ని మధ్యలో వదిలేసి లేచిపోవడం అతని చేత కాలేదు.

అలా వచ్చింది ఆదివారం.

*

చీకట్లో ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది. 'సిక్స్‌టీ ఇయర్స్ ఆన్'. ముసలితనం, ఒంటరితనం గురించి ఎల్టన్ పాటల రచయిత బెర్నీ టాపిన్ ఇరవై ఏళ్లు నిండకముందే రాసిన పాట. తీగవాద్యాలు లేచాయి. హాలు నిశ్శబ్దమైంది. పన్నెండు వేల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెల్ల విగ్గు మైకు వైపు వంగింది.

వచ్చింది.

గొంతు వచ్చింది. కానీ ఇది 1970 నాటి గొంతు కాదు. ఆ రికార్డులో కుర్రవాడి గొంతు సన్నగా, పైకి జారిపోతూ ఉంటుంది. ఇది మట్టి తగిలిన గొంతు. మాట మాటకూ అంచున ఒక గీర. పదం చివర్లో గాలి వదులుతున్న చప్పుడు. ఈ పాటకు అది నప్పింది. ముసలివాడి కథ గదా. అదృష్టం. కానీ తర్వాతి రెండు పాటలకు ఆ అదృష్టం లేదు.

జాబితాలో రెండోది 'ఐ నీడ్ యూ టు టర్న్ టు'. మూడోది 'ద గ్రేటెస్ట్ డిస్కవరీ'. రెండూ మెత్తని పాటలు. మూడోది, ఇంట్లోకి కొత్తగా వచ్చిన పసిబిడ్డను, తన తమ్ముణ్ణి, తొలిసారి చూసిన పిల్లవాడి పాట. దెబ్బతిన్న గొంతుకు అరుపు కష్టమని అందరూ అనుకుంటారు. నిజానికి ఉల్టా. అరిచేటప్పుడు గాలిని బలంగా తోస్తే బుడిపెలున్నా తంత్రులు కదులుతాయి, గరగరలాడుతూనైనా మోగుతాయి. మెల్లగా పాడేటప్పుడు తోపు ఉండదు. తంత్రులు కలవనే కలవవు. స్వరం వస్తుందనుకున్నచోట ఉత్త గాలి వస్తుంది. గాయకులందరికీ తెలిసిన భయం ఇది. చుట్టూ వయొలిన్లు గుసగుసలాడుతున్నాయి. గిటార్లు లేవు, దాక్కోవడానికి డ్రమ్స్ లేవు. ఉన్నది ఒక్క పియానో, ఒక్క మనిషి, దేశం మొత్తం వింటున్న ఒక్క మైకు.

అతను పియానో మీద చేతులు పెట్టాడు. మొదటి మాట పలికాడు. పగిలింది. రెండో మాట నిలబడింది. ఊపిరి ఎక్కువ తీస్తున్నాడు. వరుసల మధ్య ఖాళీలు పెరిగాయి. సాగదీసి వదలవలసిన స్వరాల్ని పొట్టిగా తుంచి, మాటను మాటలాగే చెప్పేసి, కథ చెబుతున్న తాతలా వాక్యం చివర దిగిపోతూ, ఎక్కడ తంత్రులు కలుస్తాయో అక్కడే నిలబడుతూ, ఎక్కడ కలవవో అక్కడ పియానోకు అప్పజెప్పేస్తూ, ఒక్కో అడుగూ తడుముకుంటూ ఏరు దాటినట్టు రెండు పాటల్నీ ఆవలి ఒడ్డుకు చేర్చాడు.

చప్పట్లు. విరుచుకుపడ్డాయి.

ఇంకా పదకొండు పాటలున్నాయి.

*

నాలుగో పాట ఊపిరి పోసింది. 'టునైట్'. 1976 నాటి పాట. మాట మొదలయ్యేలోపు నిమిషాల తరబడి ఆర్కెస్ట్రాదే రాజ్యం. 1976లో రికార్డు చేసినప్పుడు కూడా దీనికి తీగవాద్యాల సంగీతం రాసింది ఈ హోవర్డే. ఆ సంగీతం ఇప్పుడు ఎల్టన్ ముందే పరుచుకుంది. అతని చేతులు పియానో మీద పరుగెత్తుతున్నాయి. గొంతు మాత్రం ఊరుకుంది. పాడే మనిషికి ఆ కొన్ని నిమిషాలు ఎంత ముఖ్యమో కెమెరాలకు తెలియదు.

దాని తర్వాత ఇంకో పాట. ఆపైన జాలి లేదు. 'ద కింగ్ మస్ట్ డై'. వెంటనే 'టేక్ మీ టు ద పైలట్'. బృందం మొత్తం దూకింది. రే కూపర్ ఒళ్లంతా ఊపుతూ బాదుతున్నాడు. బాకాలు మోగుతున్నాయి. ఎల్టన్ కేక వేశాడు. కేకలో రెండు గొంతులు వినిపించాయి. ఒకటి స్వరం. ఇంకొకటి దాన్ని చీలుస్తున్న గరుకు. గొంతు డాక్టరు ఎవరైనా ఆ క్షణంలో టీవీ ముందు కూర్చుని ఉంటే కళ్లు మూసుకుని ఉండేవాడు.

'టైనీ డాన్సర్' వచ్చింది. జనానికి ప్రాణమైన పాట. పల్లవి దగ్గర స్వరం మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఎక్కింది. దాని వెనకే 'హావ్ మెర్సీ ఆన్ ద క్రిమినల్'. పారిపోతున్న ఖైదీ కథ. ఇది పాట కాదు, మొర. కుక్కలు తరుముతుంటే కరుణించమని వేడుకునేవాడి గొంతు ఎలా ఉండాలో ఆ రాత్రి ఎల్టన్ గొంతు అలాగే ఉంది. పాడటానికి పడుతున్న యాతన, పాటలోని మనిషి యాతన, ఏది ఎక్కడ మొదలైందో విడదీయలేం. ఈ ఒక్క పాట కోసమైనా ఆ రాత్రి రికార్డింగ్ వినాలి. పద్నాలుగేళ్ల కిందట స్టూడియోలో పాడినప్పుడు అతను ఖైదీ గురించి పాడాడు. సిడ్నీలో ఖైదీ తనే పాడాడు.

గడియారం తిరుగుతోంది. కోటు కింద చెమట కారుతోంది. 'మ్యాడ్‌మన్ అక్రాస్ ద వాటర్' ముగిసింది. అప్పుడు అనుకోని నిశ్శబ్దం.

ఆర్కెస్ట్రా చేతులు దించింది. 88 మందీ ఊరుకున్నారు. డ్రమ్స్ ఊరుకున్నాయి. పియానో ముందు ఎల్టన్ ఒక్కడే.

'క్యాండిల్ ఇన్ ద విండ్'.

1973లో వచ్చిన పాట. సినిమా తార మార్లిన్ మన్రో మీద టాపిన్ రాశాడు. 36 ఏళ్లకే పోయిన మనిషి. బ్రిటన్‌లో ఒకప్పుడు 11వ స్థానం దాకా వెళ్లి ఆగిపోయింది. అమెరికాలో అసలు సింగిల్‌గా విడుదలే కాలేదు. ఆర్కెస్ట్రా అండలేని ఈ కాసేపట్లో గొంతు మొరాయిస్తే కప్పిపుచ్చేవాళ్లు లేరు. ఎల్టన్ తొందరపడలేదు. నెమ్మదిగా మొదలుపెట్టాడు. పై స్వరం రావలసిన ప్రతిచోటా గొంతు అంచు మీద నిలబడింది. తెగుతుందనిపించింది. తెగలేదు. అతను పల్లవిలోకి ఎక్కాడు. బొంగురు గొంతులో మన్రో పేరు వినిపించినప్పుడు ఆ పాట పదమూడేళ్ల నుంచి ఎవరికోసం ఎదురుచూసిందో తెలిసినట్టయింది.

పాట ఆగింది. హాలు కూలిపోయేంత చప్పట్లు. ఇంకా మూడు పాటలు.

'బర్న్ డౌన్ ద మిషన్' దాటింది. 'యువర్ సాంగ్' దాటింది. 1970లో అతన్ని లోకానికి పరిచయం చేసిన పాట. ఇక మిగిలింది 'డోన్ట్ లెట్ ద సన్ గో డౌన్ ఆన్ మీ'. ఆఖరికి పెట్టుకోకూడని పాట ఏదైనా ఉంటే అది ఇదే. నింపాదిగా మొదలవుతుంది. మెట్టు మెట్టుకూ పైకెక్కుతుంది. పల్లవిలో గొంతును పూర్తిగా తెరిచి, ఉన్నదంతా పోసేయాలి. సగం పోస్తే పాట నిలబడదు. బాకాలు ఒకటొకటిగా చేరాయి. తీగవాద్యాలు ఉప్పొంగాయి. కోరస్ గొంతులు వెనక నిలబడ్డాయి. ఆర్కెస్ట్రా ముందు హోవర్డ్ చేతులు పైకి లేచాయి.

ఎల్టన్ దాచుకోలేదు. రేపటికి మిగల్చలేదు. ఆ రాత్రి టీవీ ముందున్న ఆస్ట్రేలియాకు అది ఒక గొప్ప కచేరీ ముగింపు. అతనికి అది, ఇక ముందు ఏ రోజైనా పాడతాడో లేదో తెలియని పాట.

*

1987 జనవరి మొదటి వారం. సిడ్నీలోనే, ఆసుపత్రిలో బల్లమీద పడుకోబెట్టారు. మత్తిచ్చారు.

కోత మెడ మీద ఉండదు. నోట్లోంచి గట్టి గొట్టాన్ని స్వరపేటిక దాకా పంపుతారు. పైనుంచి సూక్ష్మదర్శినిలో చూస్తూ బుడిపెల్ని తీస్తారు. ఎల్టన్‌కు వాడింది లేజర్ కిరణం. తేడా వస్తే వెంట్రుకవాసి. కొంచెం తక్కువ తీస్తే బుడిపె మిగిలిపోతుంది. కొంచెం ఎక్కువ తీస్తే కింద జిగురులా మెత్తగా ఉండే పొర గట్టిపడిపోతుంది, తంత్రి కదలడం మానేస్తుంది. పదేళ్ల తర్వాత, 1997లో, 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' తార జూలీ ఆండ్రూస్ ఇలాంటి ఆపరేషన్ తర్వాతే పాటను పోగొట్టుకుంది. అదృష్టం ఎటు తిరుగుతుందో బల్లమీద ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేరు.

తీసిన ముక్కలు పరీక్షకు వెళ్లాయి.

గొంతు ఆపరేషన్ అయినవాళ్లకు మొదటి ఆజ్ఞ మౌనం. మాట్లాడకూడదు. గుసగుసలాడకూడదు, గుసగుస ఇంకా చేటు. దగ్గు వచ్చినా అదిమిపట్టాలి. పాట ఉందో పోయిందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతుంటుంది. తెలుసుకోవాలంటే పాడాలి. పాడితే పోతుంది.

పరీక్ష ఫలితం వచ్చింది.

క్యాన్సర్ కాదు.

*

ఆ ఏడాది యాత్రలు రద్దయ్యాయి. ఇరవై ఏళ్లుగా ఏదో ఒక వేదిక మీద అరుస్తూనే ఉన్న మనిషి ఊరుకున్నాడు. గొంతు ఇంకా మానుతుండగానే ఇంకో దెబ్బ తగిలింది. ఫిబ్రవరి నుంచి లండన్ పత్రిక 'ద సన్' అతని మీద అబద్ధపు కథనాలు అచ్చువేయడం మొదలుపెట్టింది. కోర్టుకెళ్లాడు. 1988 డిసెంబరులో ఆ పత్రిక మొదటి పేజీలో క్షమాపణ చెప్పి, పది లక్షల పౌండ్లు కట్టి రాజీకొచ్చింది. అది తర్వాతి మాట. 1987లో మాత్రం అతనికి ఇంటా బయటా మంచి కబురు లేదు.

ఒక్కటి తప్ప. సిడ్నీ రాత్రి టేపులు.

'యువర్ సాంగ్' రోజుల నుంచి అతని పాటల్ని తీర్చిదిద్దిన గస్ డడ్జన్ ఆ టేపుల్ని ఆల్బమ్‌గా మలిచాడు. ఆర్కెస్ట్రాతో పాడిన సగమే అందులో ఉంది. 'లైవ్ ఇన్ ఆస్ట్రేలియా'. అట్టమీద తెల్ల విగ్గు, మోజార్ట్ వేషం. లోపల జీర అలాగే ఉంది. గీర అలాగే ఉంది. అందులోంచి ఆ ఒంటరి పాట, 'క్యాండిల్ ఇన్ ద విండ్', సింగిల్‌గా బయటికొచ్చింది. బ్రిటన్‌లో 5వ స్థానం. అమెరికాలో 6వ స్థానం. 1973లో, నిండు ఆరోగ్యంతో, స్టూడియోలో శుభ్రంగా పాడినప్పుడు చేరలేని మెట్టు అది. బుడిపెలు కట్టిన గొంతు ఎక్కించింది.

రేడియోల్లో ఆ గొంతు మోగుతోంది. దాని యజమాని దగ్గర ఇప్పుడు ఆ గొంతు లేదు.

గాయం మానింది. కానీ లేచి నిలబడిన గొంతు వేరే గొంతు. కిందికి దిగింది. బరువెక్కింది. ఛాతీలోంచి వస్తోంది. డెబ్బైల్లో చిటికెలో అందుకున్న ఆ సన్నటి, తేలిపోయే పై స్వరాలు లేవు. ఎంత వెతికినా లేవు. 'టైనీ డాన్సర్', 'గుడ్‌బై యెల్లో బ్రిక్ రోడ్' లాంటి పాటల్ని ఆ పై స్వరాల కోసమే జనం ప్రేమించారు. వాటిని ఇక ఎలా పాడాలి?

1988లో కొత్త ఆల్బమ్ వచ్చింది. పేరు 'రెగ్ స్ట్రైక్స్ బ్యాక్'. రెగ్ అంటే రెజినాల్డ్, అమ్మానాన్నలు పెట్టిన పేరు. అందులో ఒక పాట కొత్త గొంతుకు తగ్గట్టు కింది స్థాయిలోనే తిరుగుతూ, గట్టిగా అడుగులేస్తూ అమెరికాలో 2వ స్థానానికి వెళ్లింది. ఆ సెప్టెంబరులో లండన్ సోద్‌బీస్‌లో అతని వేషాలు, కళ్లద్దాలు, ఏళ్ల తరబడి పోగేసిన సామాను వేలానికి పెట్టారు. నాలుగు రోజులు సాగింది వేలం. అదే నెలలో ఎల్టన్ అమెరికాలో మళ్లీ వేదికెక్కాడు. ఈకలు లేవు. విగ్గు లేదు.

పాత పాటల్లో పై స్వరం రావలసినచోట జనం మెడలు చాచారు. అతను అటు వెళ్లలేదు. అదే మాటను కింది దారిన తిప్పి, బరువుగా దించాడు. ఈ కొత్త గొంతే తనకు ఎక్కువ ఇష్టమని తర్వాత చాలాసార్లు చెప్పాడు. దానితోనే ఇంకో ముప్ఫై అయిదేళ్లు ఊరూరా పాడాడు. 2023 జూలై 8న స్టాక్‌హోమ్‌లో యాత్రలకు స్వస్తి చెప్పిన రాత్రి, ఆఖరుగా ఎంచుకున్నది 'గుడ్‌బై యెల్లో బ్రిక్ రోడ్'. దాన్ని ఆ కింది గొంతుతోనే, చివరి దాకా పాడాడు.